మంచు మీద మాకు పనేముంది?

కాశ్మీరు ఎక్కడుందో మాకు బడిలో పటం మీద చూపించకముందే వీధిలో చెప్పారు. ఇండియా పాకిస్తాన్ క్రికెట్ ఆట జరిగిన రోజున చెప్పారు. బాబ్రీ మసీదు కూల్చిన 1992 డిసెంబరులో చెప్పారు. కార్గిల్ యుద్ధం జరిగిన 1999లో టీ అంగడి బల్ల మీద కూర్చుని చెప్పారు. అది మాదట. మేం అడక్కపోయినా మా తరఫున ఎవరో తుపాకులు పట్టుకుని అడుగుతున్నారట. చిత్తూరు జిల్లా ఐరాల మండలంలో దూది ఏకి, పరుపులు కుట్టి బతికిన ఒక దూదేకుల కుటుంబానికి కాశ్మీరుతో ఉన్న సంబంధం ఇంతే. మా ఇంట్లో మూడు తరాల్లో ఎవరూ ఢిల్లీ మొహం కూడా చూడలేదు. కానీ కాశ్మీరు గురించి జవాబు చెప్పుకోని తరం లేదు.

ఆ కాశ్మీరుకు ఇప్పుడు మా అమ్మాయి పోతానంటోంది. చదువుకో ఉద్యోగానికో కాదు. దర్గా జియారత్‌కీ కాదు. మంచు మీద జారడానికి. బెంగుళూరులో ఆమె పనిచేసే కంపెనీ నుంచి ఏడుగురు కలిసి ఈ చలికాలం గుల్మార్గ్‌కు స్కీయింగ్‌కి బయల్దేరుతున్నారు. విమానం, అయిదు రాత్రుల బస, తిండి, కాళ్ళకు కట్టుకునే స్కీ పలకలు, నేర్పే మనిషి, అన్నీ కలిపి తలకు అరవై వేలు. ఇంకో నలభై వేలు కలిపితే కొండ పైభాగంలో, ఎవరూ తొక్కని మంచులో, గైడు వెంటబెట్టుకుని జారిస్తాడట. అప్పుడు లక్ష.

"అమ్మా, అంత దుడ్డు పెట్టి పొయ్యేది న్యాయమేనా? నువ్వేమంటావు?" అని ఫోన్లో అడిగింది.

అడక్కుండా పోయుంటే నాకీ బాధ లేదు. అడిగింది గనక ఆలోచించాల్సొచ్చింది. ఆలోచించేకొద్దీ ఇది అరవై వేల సంగతి ఒక్కటే కాదని తెలిసింది. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు దుడ్డు సంగతే చూద్దాం. మా ఇంటాయన లెక్క మామిడికాయల్లో ఉంటుంది. మాకున్న రెండెకరాల్లో తోతాపురి చెట్లున్నాయి. 2025లో ఆ కాయకు పట్టిన గతి చిత్తూరు జిల్లాలో తెలియనివాళ్ళు లేరు. గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 అని ధర కట్టారు. ఆ ధర కాగితం మీద ఉండగానే ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి నిలబడ్డాయి, కాయలు రోడ్డు పక్కన పారబోశారు. ఆ పన్నెండు రూపాయలే వచ్చిందనుకున్నా, అరవై వేలంటే అయిదు టన్నుల కాయ. "అయిదు టన్నుల కాయ కోసి, మోసి, తూకమేసి, అయిదు దినాలు జారేదానికి పెట్టాల్నా?" అంటాడాయన. మాట కఠినమే గానీ లెక్క తప్పు కాదు.

మా అత్తది ఇంకో లెక్క. ఆ దుడ్డుకు ఇంకొంచెం చేరిస్తే ఉమ్రాకు పోయి రావచ్చునంటుంది. "మంచు చూసేదానికి దుడ్డు కట్టాల్నా మే? మీ మామ ఏకతా ఉంటే ఇల్లంతా అదే గదా" అని నవ్వుతుంది. ఆమె చెప్పేది నిజమే. మా మామ నరం తాడు బిగించిన విల్లు ఒక చేత్తో పట్టుకుని కొయ్యగుండుతో కొడుతుంటే గది నిండా తెల్లగా లేచేది. తల మీద, కనురెప్పల మీద, అన్నం గిన్నె మూత మీద అదే. అది ఊపిరితిత్తుల్లోకి కూడా పోయింది. ఆఖరి పదేళ్ళూ దగ్గుతూనే ఉన్నాడు. ఖురాన్‌లో అల్ ఖారిఅ సూరా ప్రళయం నాటి కొండల్ని ఏకిన ఉన్నితో పోలుస్తుంది. ఆ సంగతి మౌల్వీ చెప్పినప్పుడు మసీదులో అందరికన్నా బాగా అర్థమైంది తనకేనని మామ గొప్పగా చెప్పుకునేవాడు.

మాకు మంచు అంటే వేరే అర్థం ఉంది. తెల్లారుజామున చెనక్కాయ ఆకు మీద నిలిచేది, మామిడి పూత మీద పడితే పూతను మాడ్చేది. అది ఎక్కువ పడకూడదని కోరుకునేవాళ్ళం. దాని కోసం డబ్బు కట్టి పోయేవాళ్ళుంటారని మా అమ్మాయి చెప్తేనే తెలిసింది.

ఆ తర్వాత తెలుసుకోవడం మొదలుపెట్టాను. ఆమెతో పాటు వస్తున్న ఒక సహోద్యోగి కొన్నాళ్ళు కెనడాలో ఉండొచ్చాడు. అక్కడ స్నోక్యాట్ అనే బండి ఉంటుందని అతను వీళ్ళకు కథలు కథలుగా చెప్పాడు. టైర్లు ఉండవు, యుద్ధ ట్యాంకుకున్నట్లు పట్టాలుంటాయి. వెనక గదిలో పదిమందినో పన్నెండుమందినో ఎక్కించుకుని కొండ మీదికి పాకుతుంది. మనిషి అడుగు పడని మెత్తటి మంచు వాలు మీద దించుతుంది. గైడు ముందు జారతాడు, వెనక వీళ్ళు జారతారు. కిందికొచ్చాక మళ్ళీ బండి ఎక్కేది. పొద్దుగూకేదాకా అదే పని. బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో 1975 నుంచి దీన్ని వ్యాపారంగా నడుపుతున్నారు. హెలికాప్టర్‌లో పైకి పోయేంత డబ్బు లేనివాళ్ళు దీన్ని ఎక్కుతారు. లేనివాళ్ళంటే మనబోటి లేనివాళ్ళు కాదు.

గుల్మార్గ్‌లో ఆ బండి చేసే పని చాలావరకు గొండోలా చేస్తుంది. తీగల మీద పోయే చిన్న గదులవి. మొదటి దశ కొంగ్‌దూరి దాకా 1998లో వచ్చింది. రెండో దశ అఫర్వాట్ కొండ భుజం దాకా 2005లో వచ్చింది. కింద మైదానం 2,650 మీటర్ల ఎత్తు, పైన దిగేచోటు దాదాపు 3,980 మీటర్లు. తిరుమల కొండకు నాలుగింతలు పైనే. పైనుంచి కిందికి యంత్రంతో తొక్కి చదును చేసిన బాట తక్కువ, సహజంగా పడిన మంచే ఎక్కువ. ప్రపంచం నలుమూలల నుంచి స్కీయింగ్ తెలిసినవాళ్ళు అక్కడికి రావడానికి కారణం అదే. ఈమెలాంటి కొత్తవాళ్ళు అక్కడికి పోకూడకపోవడానికి కారణమూ అదే.

అక్కడ మంచు ఎంత అందంగా ఉంటుందో అంత నమ్మరానిది. 2010 ఫిబ్రవరిలో గుల్మార్గ్ దగ్గర మంచుకొండ విరిగిపడి శిక్షణలో ఉన్న 17 మంది సైనికులు చనిపోయారు. 2023 ఫిబ్రవరిలో అఫర్వాట్ మీద ఇద్దరు పోలెండ్ దేశస్థులు, 2024 ఫిబ్రవరిలో ఒక రష్యన్ అట్లాగే పోయారు. గొండోలాకూ ఒక చెడ్డ రోజుంది. 2017 జూన్‌లో గాలికి చెట్టు విరిగి తీగల మీద పడి ఏడుగురు చనిపోయారు.

ముప్పై నుంచి నలభై అయిదు డిగ్రీల వాలులోనే మంచు ఎక్కువగా విరిగి జారుతుందట. స్కీయింగ్‌కు బాగుండే వాలు కూడా అదే. అందుకని పైన జారేవాళ్ళు ఒంటికి ఒక సంకేత యంత్రం కట్టుకుంటారు, వీపు మీద పార, మంచులో గుచ్చి వెతికే పొడుగాటి కడ్డీ పెట్టుకుంటారు. మంచు కింద పడినవాణ్ణి మొదటి పావుగంటలో తీస్తే బతికే ఆశ బాగా ఉంటుంది, ఆ తర్వాత తొందరగా తగ్గిపోతుంది. పావుగంటలో ఊర్నుంచి ఎవరూ రారు. పక్కనున్నవాళ్ళే తవ్వాలి. వాళ్ళకు తవ్వడం వచ్చుండాలి. గైడుకు ఇచ్చే డబ్బు దారి చూపించినందుకు మాత్రమే కాదు. రాత్రి పడిన మంచును, గాలిని, ఎండను చూసి "ఈరోజు ఆ పక్కకు వద్దు" అని చెప్పగలిగినందుకు. ఆ మాట విని వెనక్కి తిరిగే బుద్ధి కట్టినవాళ్ళకు ఉండాలి. లక్ష కట్టినవాళ్ళకు ఆ బుద్ధి తగ్గుతుందేమోనని నా అనుమానం.

ఇంకొకటి, మంచు పడుతుందన్న నమ్మకమూ తగ్గుతోంది. 2024 జనవరిలో గుల్మార్గ్ మైదానం ఎండుగడ్డితో బోసిగా ఉంది. 2025లో మంచు లేక ఖేలో ఇండియా ఆటల్ని ఫిబ్రవరి నుంచి మార్చికి జరుపుకున్నారు. కట్టిన డబ్బు తిరిగొస్తుందా అని ముందే అడగాల్సిన రోజులివి.

ఇంతవరకూ చెప్పిన లెక్కలు అందరికీ ఉండేవే. ఏడుగురిలో మిగతా ఆరుగురి ఇళ్ళల్లోనూ అమ్మానాన్నలు ఇవే అడిగుంటారు. మా ఇంట్లో ఇంకో లెక్క ఉంది. అది వాళ్ళ ఇళ్ళల్లో ఉండదు.

ఈ ప్రయాణం మాట వచ్చిన రోజే ఆఫీసులో ఒకడు, "నీకేం, మీవాళ్ళ ఊరే కదా, హోటల్లో డిస్కౌంట్ ఇప్పించు" అన్నాడట. మంచివాడే. తమాషాకన్నాడు. ఆమె నవ్వింది. ఇంటికొచ్చి నాకు చెప్పింది. మా అమ్మాయికి తెలుగు తప్ప ఇంట్లో ఇంకో భాష లేదు. ఉర్దూ సినిమా పాటల్లో విన్నంత, అరబ్బీ నమాజులో చదివే సూరాలంత. రాగి సంగటి తిని పెరిగిన పిల్ల. కాశ్మీరీ వాజ్వాన్ ఎట్లుంటుందో ఆ నవ్వించినవాడికి తెలిసినంతే ఆమెకూ తెలుసు. అయినా అది "మీవాళ్ళ ఊరు". తిరుపతికి పోయే అయ్యంగారికి మధుర మీవాళ్ళ ఊరే కదా అని ఎవరూ అనరు.

2025 ఏప్రిల్ 22న పహల్‌గామ్ దగ్గర బైసరన్ పచ్చికలో 26 మందిని చంపేశారు. మతం అడిగి చంపారు. పోయినవాళ్ళలో మన కావలి మనిషి ఉన్నాడు, విశాఖపట్నం మనిషి ఉన్నాడు. అడ్డం పోయిన ఒక కాశ్మీరీ గుర్రాలాయన కూడా ఉన్నాడు. భార్యల ముందు, పిల్లల ముందు జరిగిన ఆ హత్యలు తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు వణుకుతుంది. ఆ వారం శుక్రవారం నమాజుకు దేశంలో చాలాచోట్ల ముస్లిములు చేతికి నల్లగుడ్డ కట్టుకుని పోయారు. ఏడవడం మాకు తెలుసు. ఏడుస్తున్నామని రుజువు చూపించాల్సి రావడమే కష్టం. ఆ వారమంతా క్యాంటీన్‌లో మా అమ్మాయి కూర్చున్న బల్ల దగ్గర మాటలు తగ్గిపోయాయి. ఒకామె మాత్రం, "నువ్వేమనుకుంటున్నావు దీని గురించి?" అని అడిగింది. ఆ ప్రశ్న ఆ బల్ల దగ్గర ఇంకెవర్నీ అడగలేదు. అదే రోజుల్లో డెహ్రాడూన్‌లో కాశ్మీరీ విద్యార్థుల్ని ఊరొదిలి పొమ్మని బెదిరించారు.

ఇప్పుడు ఈమె ఆ కాశ్మీరుకే పోయి మంచు మీద పడుతూ లేస్తూ నవ్వుతూ ఫోటో దిగిందనుకోండి. ఒకరు "మనుషులు చచ్చినచోట నవ్వులా" అంటారు. ఇంకొకరు "చూశారా, మంచి ముస్లిం, దేశంతో ఉంది" అంటారు. మిగతా ఆరుగురి ఫోటోల కింద ఈ రెండు మాటలూ ఉండవు. "ఎంత బాగుంది!" అని మాత్రమే ఉంటుంది. నాకు కావాల్సింది అదొక్కటే, మా అమ్మాయి ఫోటో కింద కూడా "ఎంత బాగుంది" అని మాత్రమే ఉండడం.

సరే, అక్కడికి పోతే అక్కడివాళ్ళకైనా సొంతమవుతుందా? పేరు విని ఉర్దూలో పలకరిస్తారు. ఈమె తడబడుతుంది. "ఎట్లాంటి ముసల్మాన్‌వి?" అని అడిగినా అడుగుతారు. ఆ ప్రశ్న మాకు కొత్తది కాదు. దూదేకులవాళ్ళమని మమ్మల్ని ప్రభుత్వం బి.సి. బి గ్రూపులో ఒకచోట రాసింది. మిగతా ముస్లిముల్లో వెనకబడినవాళ్ళకు 2007లో బి.సి. ఇ అని వేరే గ్రూపు పెట్టింది. కాగితాల్లోనే కాదు, పెళ్ళి సంబంధాల్లోనూ షేకులు సయ్యదులు మమ్మల్ని వేరుగానే చూసేది. హిందువులకు మేం సాయిబులం, సాయిబులకు దూదేకులవాళ్ళం. ఇంక కాశ్మీరీలకు ఏమవుతామో! బయటివాళ్ళం అవుతాం. అదేమీ చెడ్డ మాట కాదు. టూరిస్టు అంటేనే బయటి మనిషి. మిగతా ఆరుగురితో సమానంగా బయటి మనిషి కావడం ఆమెకు మొదటిసారి దొరికే హక్కేమో.

నా సెక్యులర్ మిత్రుడొకాయన ఇంకో రకంగా అడ్డం పడ్డాడు. గాయపడిన నేల మీద జారి ఆడుకోవడం అన్యాయమన్నాడు. ఆయన మాటలో బలముంది. 2019 ఆగస్టులో 370ని తీసేసినప్పుడు ఫోన్లు, ఇంటర్నెట్ కోసేశారు. 2020 మార్చిలో గుల్మార్గ్‌లో మొదటి ఖేలో ఇండియా చలికాలపు ఆటలు జరుగుతున్నప్పుడు కూడా అక్కడి ఇళ్ళల్లో 4జి లేదు. అది తిరిగొచ్చింది 2021 ఫిబ్రవరిలో. 1990లో లోయ వదిలిపెట్టిపోయిన పండిట్ల ఇళ్ళు పాడుబడి ఉన్నాయి. ఇదంతా నిజం. కానీ ఈ మాట ఆయన తన కొడుక్కి చెప్పలేదు. ఆయన కొడుకు హనీమూన్‌కు అక్కడికే పోయొచ్చాడు. అన్యాయాలన్నీ గుర్తుపెట్టుకుని మెసలాల్సిన బాధ్యత మాకే ఎందుకు ఎక్కువగా ఉంటుంది? పైగా అక్కడ పలకలు నేర్పేవాడికి, గది ఊడ్చేవాడికి, టాంగ్‌మార్గ్ నుంచి పైకి చక్రాలకు గొలుసులు చుట్టి బండి నడిపేవాడికి మనుషులు రావడమే కూడు. పహల్‌గామ్ తర్వాత వాళ్ళ గదులు, బండ్లు ఖాళీగా పడున్నాయి. వాళ్ళను ఉద్ధరించడానికి పోనక్కర్లేదు. పోతే అది వాళ్ళకు కీడు కాదు, అంతే.

నన్ను ఇబ్బంది పెట్టింది ఇంకొకటుంది. మంచు మీద చెక్కబండిలో టూరిస్టును కూర్చోబెట్టి ఒక మనిషి తాడు భుజానికి వేసుకుని లాగుతాడు. దూదేకుల పిల్ల కూర్చుంటే ఇంకో బీద ముస్లిం లాగుతాడు. అది మాత్రం వద్దన్నాను. "లాక్కపోతే వాళ్ళకు కూలి ఎట్లొస్తుందమ్మా?" అని ఆమె అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ సంగతి ఆమెకే వదిలేశాను.

గైడు గురించి కూడా ఒక మాట. పైన మంచులో ఆరుగురు హిందూ పిల్లలు, ఒక ముస్లిం పిల్ల, అందరూ ఒక కాశ్మీరీ ముస్లిం కుర్రవాడి మాట మీద ప్రాణం పెట్టి నడుస్తారు. వాడు ఆగమంటే ఆగుతారు. ఆ కుర్రవాడే బెంగుళూరుకొచ్చి గది అద్దెకు అడిగితే ఏమవుతుందో నాకు తెలుసు. మా అమ్మాయికి మూడు ఇళ్ళల్లో పేరు చెప్పగానే గది ఖాళీ లేకుండా పోయింది. నాలుగో ఇంటి ముసలామె "మాంసం వండుకుంటావా? వండుకో, నాకూ కొంచెం పెట్టు" అని తాళంచెవి ఇచ్చింది. అట్లాంటివాళ్ళూ ఉన్నారు. ఉన్నారనే ఇంకా ఇట్లాంటి ప్రయాణాల గురించి మాట్లాడుకోగలుగుతున్నాం.

మా ఇళ్ళల్లో ప్రయాణమంటే ఏమిటి? పెనుకొండ బాబయ్య ఉరుసు, కడప అమీన్ పీర్ దర్గా, వేలూరు ఆస్పత్రి, కువైట్. ఉరుసు నుంచి తబర్రుక్ తెస్తారు, ఆస్పత్రి నుంచి మందుల చీటీ, కువైట్ నుంచి బంగారం, నడుంనొప్పి. ఏదో ఒకటి తేకుండా ఎవరూ తిరిగి రాలేదు. ఇది ముస్లిముల కష్టమే అనను. మా వీధిలో మాల ఇళ్ళల్లో, గొల్లవాళ్ళ ఇళ్ళల్లో కూడా ఊరికే ఊరు చూసొద్దామని బయల్దేరినవాళ్ళు లేరు. కాణిపాకం మా మండలంలోనే ఉంది, ఎక్కడెక్కడినుంచో బస్సులొస్తాయి. వచ్చేవాళ్ళకూ మొక్కు ఉంటుంది. ఏ మొక్కూ లేకుండా, ఏ జబ్బూ లేకుండా, ఏ అప్పూ తీర్చడానికి కాకుండా ఒక ఆడపిల్ల ఇంట్లోంచి బయల్దేరడం మా వంశంలో ఇదే మొదలు. మనం మన గురించి రాసుకునే పుస్తకాల్లో కూడా అల్లర్లు ఉంటాయి, కర్ఫ్యూ ఉంటుంది, అవమానం ఉంటుంది. అవన్నీ రాయాల్సినవే, ఇంకా రాయాలి. కానీ మన పిల్లలు ఆడుకోవడం వాటిలో తక్కువ. చదివినవాళ్ళు మనకు ఆట తెలియదనుకుంటారు. మనమూ అనుకోవడం మొదలుపెడతామేమోనని నా భయం.

చివరికి ఆమెతో చెప్పింది ఇది. పో. లక్ష పథకం వద్దు, అరవై వేలదే చాలు. ఆగడం, తిరగడం రానివాళ్ళు పైకి పోవడమంటే బండి తోలడం రానివాడు పశువుల పండగలో ఎద్దు కొమ్ములు పట్టుకోబోవడమే. కింద మైదానంలో నేర్చుకో. నచ్చితే వచ్చే ఏడు అక్కడే కేంద్ర పర్యాటక శాఖ నడిపే స్కీయింగ్ సంస్థలో పద్ధతిగా చేరి నేర్చుకో. మంచు పడకపోతే డబ్బు సంగతేమిటో ముందే రాయించుకో. కాలు విరిగితే ఆస్పత్రి ఖర్చు ఇచ్చే ఇన్సూరెన్సు తీసుకో. గైడు వద్దంటే వద్దు. ఆయన రాజకీయం మాట్లాడితే విను, ఆయనంతట ఆయన మాట్లాడకపోతే అడగొద్దు. నీ సావాసగాళ్ళు నిన్ను కాశ్మీరు గురించి అడిగితే "మీకు తెలిసినంతే నాకూ తెలుసు" అను. ఎవరికీ ఏదీ రుజువు చేయడానికి పోవద్దు.

మా ఇంటాయన ఇంకా ఒప్పుకోలేదు. మామిడి పూత వచ్చేదాకా ఆయన ఏదీ ఒప్పుకోడు. మా అత్త ఫోను తీసుకుని, "తిరుపతికి పొయినోళ్ళు లడ్డు తెస్తారు, నువ్వేం తెస్తావు మే?" అని అడిగింది. "ఏమీ తేనవ్వా, అది తెచ్చేలోపల కరిగిపోతుంది" అంది మనవరాలు. "సరే, వట్టిచేతుల్తోనే రా" అంది ఆమె.

టిక్కెట్లు తీసుకుంది. నా భయం పోలేదు. మంచు గురించి ఒక భయం, మనుషుల గురించి ఒక భయం. రెండూ ఉన్నాయని ఆమెకు చెప్పాను. వద్దనడానికి ఆ రెండూ చాలవని కూడా చెప్పాను.